రైలింజన్లకు మాటలు నేర్పిన పాదిరిగారు

సికింద్రాబాదు నుంచి బేగంపేట మీదుగా వాడికి పోయే రైలుమార్గం 1874లో మొదలైంది. అమీర్‌పేట, పంజగుట్టలలో ఇళ్ళు లేచిన నాటినుంచీ ఆ లైనుమీది కూత అక్కడివాళ్ళకు పొరుగింటి మాటలాంటిది. అయితే బొగ్గు ఇంజను కూత విని పెరిగినవాళ్ళు ఇప్పుడు తాతలయ్యారు. వాళ్ళ మనుమలకు బొగ్గు ఇంజనంటే టీవీలో నవ్వే నీలిరంగు థామసే. స్కూలు సంచిమీదా అతనే, టిఫిను డబ్బామీదా అతనే. ఆ బొమ్మ వెనక ఒక మనిషి వున్నారని మాత్రం చాలామందికి తెలియదు. ఆయన సినిమా కంపెనీవారు కారు, బొమ్మల వ్యాపారీ కారు. ఒక పల్లెటూరి చర్చి పాదిరి. పైగా తుపాకి పట్టనన్నందుకు కొలువు పోగొట్టుకున్న మనిషి. ఆయన పేరు విల్బర్ట్ ఆడ్రీ.

ఆడ్రీ 1911 జూన్ 15న ఇంగ్లండులోని ఆంప్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. తండ్రి వేర్ ఆడ్రీ కూడా పాదిరే. ఆ పెద్దాయనకు దేవుడి తర్వాత రైలే! తోటలో దాదాపు నలభై గజాల పొడవున బొమ్మ రైలుమార్గం వేయించుకున్నారు. కొడుకును వెంటపెట్టుకొని పోయి రైలుకట్ట మీద పనిచేసే గ్యాంగుమన్లతో కబుర్లాడేవారు. పిల్లవాడికి రైలుపిచ్చి పట్టిందంటే అది వంశపారంపర్యమని చెప్పుకోవాలి.

తర్వాత ఆ కుటుంబం బాక్స్ అనే ఊరికి మారింది. వాళ్ళింటికి రెండువందల గజాల దూరంలోనే గ్రేట్ వెస్టర్న్ రైల్వేవారి ప్రసిద్ధమైన బాక్స్ సొరంగం వుంది. సొరంగంలో పట్టాలు నూటికి ఒకటి చొప్పున ఎత్తెక్కుతాయి. బరువైన గూడ్సుబండి ఒక్క ఇంజనుతో ఆ ఎత్తు ఎక్కలేదు. అందుకని వెనకనుంచి తోయడానికి సాయం ఇంజను ఒకటి అక్కడ ఎప్పుడూ సిద్ధంగా వుండేది. రాత్రిళ్ళు గూడ్సుబండి వచ్చి ఆగేది. ముందు ఇంజను కూత వేసేది, వెనకది బదులు కూసేది. తర్వాత రెండూ కలిసి రొప్పుతూ, ఆగుతూ, మళ్ళీ పుంజుకుంటూ పైకి పోయేవి. మంచంమీద పడుకొని వింటున్న పిల్లవాడికి అది చప్పుడు కాదు, సంభాషణ. నావల్ల కాదని ముందుది మొరపెట్టుకుంటున్నట్టు, అవుతుంది పద అని వెనకది ధైర్యం చెబుతున్నట్టు తోచేది. చుక్‌చుక్ మోతకు మాటలు కట్టి పాడుకోని పిల్లలు మన దేశంలో మాత్రం వున్నారా? మనం పెద్దయ్యాక మరిచిపోతాం. ఆడ్రీ మరిచిపోలేదు, అంతే తేడా.

ఆక్స్‌ఫర్డులో చదువు, 1933 నుంచి మూడేళ్ళు జెరూసలేములో మాస్టరు ఉద్యోగం, 1936లో పాదిరిగా దీక్ష, 1938లో మార్గరెట్‌తో పెళ్ళి. ఇంతవరకు అన్నీ పట్టాలమీదే నడిచాయి. 1939లో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. దేశమంతా యుద్ధనాదంతో హోరెత్తుతున్నప్పుడు, క్రీస్తును నమ్మినవాడు మనిషిని చంపే పనికి ఆశీర్వాదం పలకరాదని ఆడ్రీ పట్టుబట్టారు. ఆ మాట ఆనాడు ఎవరికి రుచిస్తుంది? పనిచేస్తున్న చర్చిలో ఆయనకు చోటు లేకుండా పోయింది. కొత్తగా పెళ్ళయిన మనిషి, చేతిలో కొలువు లేదు, పేరుచూస్తే పిరికివాడని ముద్ర. చివరికి బర్మింగ్‌హామ్ బిషప్పు బార్న్స్ ఆదుకున్నారు. ఆయన కూడా యుద్ధ వ్యతిరేకే. అలా 1940లో ఆడ్రీ కింగ్స్ నార్టన్ అనే చోట చేరారు. అది బాంబులు పడుతున్న పారిశ్రామిక నగరం. ఈ ఘట్టం తెలియకుండా ఆయన కథలు చదివితే అవి ఏదో తీరిక వేళ అల్లిన కాలక్షేపం అనిపిస్తాయి. నాకైతే అలా అనిపించదు.

1942 ప్రాంతంలో కొడుకు క్రిస్టఫర్‌కు తట్టు పోసింది. చీకటి గదిలో పడుకోబెట్టిన పిల్లవాడికి పొద్దు పోవాలి కదా! బాక్స్ రాత్రులు తండ్రికి గుర్తొచ్చాయి. ఎడ్వర్డు అనే ముసలి ఇంజను, గోర్డన్ అనే గర్విష్ఠి ఇంజను, వానకు రంగు పాడవుతుందని సొరంగం దాటి రానన్న హెన్రీ అలా పుట్టాయి. కొండ ఎక్కలేక చతికిలబడ్డ గోర్డన్‌ను ఎడ్వర్డు వెనకనుంచి తోసే కథ అచ్చంగా బాక్స్ సొరంగం కథే. పిల్లవాడు అవే కథలు మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. నిన్న చెప్పిన మాట ఇవాళ మారితే ఒప్పుకునేవాడు కాదు. ఆ పోరు పడలేక ఆడ్రీ చిత్తుకాగితాలమీద కథలు రాసిపెట్టుకున్నారు. చీపురుకర్రతో, చెక్కముక్కలతో ఎడ్వర్డును తయారుచేసి ఇచ్చారు. గోర్డన్ కూడా కావాలని కొడుకు మారాం చేశాడు. అంత పెద్దది చెయ్యడానికి సరంజామా లేక చిన్న ఇంజనొకటి చెక్కి, దానికి థామస్ అని పేరుపెట్టారు. ప్రపంచమంతా తిరిగిన థామస్ పుట్టుక ఇదీ!

అచ్చుకు ఇమ్మని భార్య మార్గరెట్ వెంటపడకపోతే ఆ కాగితాలు అటకెక్కేవేమో. 1945 మే నెలలో మూడు ఇంజన్ల కథలు మొదటి పుస్తకంగా వెలువడ్డాయి. మన తెలుగు పిల్లలకు రేడియో అన్నయ్య, అక్కయ్యలు బాల పత్రికను మొదలుపెట్టిందీ ఆ ఏడే. మరుసటి ఏడు థామస్ పుస్తకం వచ్చింది. 1972 వరకు ఆడ్రీ మొత్తం ఇరవై ఆరు పుస్తకాలు రాశారు. చర్చిపని మానలేదు, రైలుపిచ్చీ మానలేదు.

ఆయనకు ఒక పట్టుదల వుండేది. ఇంజను మాట్లాడవచ్చు, అలగవచ్చు, ఏడవవచ్చు. కాని నిజమైన రైల్వేలో జరగని పని మాత్రం కథలో జరగరాదు. పిల్లలే కదా అని సరిపెట్టడం ఆయన దృష్టిలో మోసం. పెర్సీ అనే ఇంజనును ఎర్రచారల పచ్చ గొంగళిపురుగులా వేశారని బొమ్మల రచయిత డాల్బీతో తగవు పడ్డారు. డాల్బీ విసుగెత్తి మానుకున్నారు కూడా. కథలు జరిగే సోడార్ దీవి ఎక్కడుందని పిల్లలు ఉత్తరాలు రాస్తే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోలేదు. తమ్ముడు జార్జితో కలిసి ఆ దీవికి పటం గీశారు, చరిత్ర కూర్చారు. అది 1987లో పెద్ద గ్రంథంగానే వచ్చింది. 1984లో టీవీ కథలు మొదలయ్యాక ఖ్యాతి పదింతలైంది. కాని అడవి అందం చూడటానికి ఇంజను పట్టాలమీద తీరిగ్గా ఆగే కథ ఒకటి టీవీలో వచ్చినప్పుడు ముసలాయనకు కోపం వచ్చింది. వెనక వచ్చే బండి గతేమిటని ఆయన ప్రశ్న!

లోపాలు లేవని కాదు. మాట వినని హెన్రీని సొరంగంలో గోడకట్టి మూసేసిన పెద్ద దొరగారి శిక్ష చదివి భయపడ్డ పిల్లలు లేకపోలేదు. ఆ రైల్వేలో ఆడవాళ్ళకు పెట్టెల పాత్రలే ఎక్కువ, ఇంజన్ల పాత్రలు తక్కువ. 1951 నాటి పుస్తకంలో నల్లజాతివారిని కించపరిచే పోలిక ఒకటి దొర్లింది. 1972లో విమర్శ రాగా దాన్ని మార్చారు. ఆ కాలపు ఇంగ్లీషు పల్లె పాదిరి కళ్ళకు కనబడనివి కొన్ని వున్నాయి. అది దాచి ఆయన్ను పొగడనక్కరలేదు.

1951లో వేల్స్‌లోని టల్లిన్ అనే చిన్న రైల్వే మూతపడబోతే కొందరు ఔత్సాహికులు జీతం లేకుండా నడపడానికి పూనుకున్నారు. అభిమానులే ఒక రైలుమార్గాన్ని బతికించుకోవడం ప్రపంచంలో అదే మొదలట. ఆడ్రీ తొలినాళ్ళలోనే చేరి సెలవుల్లో గార్డుపని చేశారు. ఒకసారి ఫలహారాలమ్మే ఆవిడ ఎక్కకముందే పచ్చజెండా ఊపేసి, ఆమెను స్టేషన్లో వదిలేసి పోయారు! ఆ పొరపాటు కూడా తర్వాత కథైపోయింది.

1968 ఆగస్టుతో బ్రిటిష్ రైల్వేలో ఆవిరి ఇంజన్ల శకం ముగిసింది. వందల ఇంజన్లు తుక్కుకింద పోయాయి. మన చిత్తరంజన్ కర్మాగారం 1970లో తన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజనుకు అంతిమ్ సితారా అని పేరుపెట్టి సాగనంపింది. ఆడ్రీ ఏం చెయ్యగలరు? 1968 నాటి పుస్తకంలో ఆలివర్ అనే ఇంజనును తుక్కుదుకాణం నుంచి తప్పించి సోడార్‌కు చేర్చారు. అది ఏ కంపెనీ ఇంజనో తెలుసా? గ్రేట్ వెస్టర్న్‌దే. చిన్నప్పుడు రాత్రిళ్ళు తనతో మాట్లాడిన ఇంజన్ల జాతి!

డిగ్రీ మెట్టెక్కగానే చందమామ చేత్తో పట్టుకోవడానికి సిగ్గుపడిన మిత్రులు మనలో చాలామందే వున్నారు. అమీర్‌పేటలో కోర్సుల బోర్డుల నీడన తిరిగే మనకు కథలకు తీరిక లేదనే సాకు కూడా వుంది. ఎనభై దాటినా ఆడ్రీకి ఆ సిగ్గు లేదు. చివరి రోజుల్లో వున్న ఇంటికి సోడార్ అనే పేరు పెట్టుకున్నారు.

1996లో బ్రిటిష్ ప్రభుత్వం ఓ.బి.ఇ. బిరుదు ప్రకటించింది. ఆరోగ్యం చెడి, లండను వెళ్ళలేకపోయారు. 1997 మార్చి 21న ఎనభై అయిదో ఏట కన్నుమూశారు. తట్టు పోసిన క్రిస్టఫర్ అప్పటికే తండ్రి కలం అందుకున్నాడు. 1983 నుంచి 2011 దాకా రాసి, పుస్తకాల సంఖ్యను నలభై రెండుకు చేర్చాడు. ఇంగ్లండులో ఒక రైలింజనుకు ఆడ్రీ పేరు పెట్టారుగాని, అది కరెంటు ఇంజను. ఆయన రాసుకున్న గదిని మాత్రం బల్ల, పుస్తకాలతో సహా టల్లిన్ రైల్వేవారి టవిన్ స్టేషను మ్యూజియంలో తిరిగి అమర్చారు. ఆ స్టేషను నుంచి ఆవిరి బండి ఇప్పటికీ నడుస్తోంది.