సుగంధ శిల్పి ఎర్నెస్ట్ బో

మన వార్షికోత్సవం రోజు పొద్దున్నే డార్మిటరీలోకి అడుగు పెడితే ఏ వాసన వస్తుందో మనందరికీ తెలుసు. ఇస్త్రీ బట్టల వాసన, కొత్త సబ్బు వాసన, ఒకే ఒక్క సీసా సెంటును ఇరవై మంది పంచుకుని పూసుకున్న వాసన. ఏటా ఈ సంచికలో ఒక ప్రముఖుని జీవిత చరిత్ర రాయడం మన ఆనవాయితీ. దేశ నాయకులు, శాస్త్రవేత్తలు, కవులు అందరూ అయిపోయారు. ఈసారి ఆ సెంటు సీసా వెనక ఉన్న మనిషి గురించి రాద్దామని మేము అనుకున్నాం. సెంటు తయారు చేసేవాడికి కూడా జీవిత చరిత్రా అని కొందరు తమ్ముళ్లు నవ్వారు. చదివాక నవ్వితే మాకు అభ్యంతరం లేదు.

ప్రపంచంలో సెంట్ల గురించి ఏమీ తెలియనివారు కూడా షనెల్ నంబర్ 5 అనే పేరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. పారిస్‌లోని షనెల్ అనే ఖరీదైన ఫ్యాషన్ సంస్థ 1921లో దాన్ని తెచ్చింది. సీసా మీద ఉన్న పేరు ఆ సంస్థ యజమానురాలు గాబ్రియేల్ షనెల్‌ది. లోపలి ద్రవాన్ని తయారు చేసినవారు ఎర్నెస్ట్ బో. ఆయన పేరు సీసా మీద లేదు.

బో 1881లో రష్యాలోని మాస్కో నగరంలో జన్మించారు. వారిది ఫ్రెంచి కుటుంబం. ఆ నగరంలో రాలే అనే పెద్ద సెంట్లు, సబ్బుల కర్మాగారం ఉండేది. 1843లో మొదలైన ఆ కంపెనీ రష్యా చక్రవర్తి ఇంటికి సరుకు పంపేది. బో అన్నగారు అందులోనే ఉద్యోగి. 1898లో, పదిహేడేళ్లయినా సరిగా నిండని వయసులో, బో అక్కడ ప్రయోగశాల సహాయకుడిగా చేరారు. మొదట నేర్చుకున్నది సబ్బుల పని. 1902 నుంచి సెంట్ల తయారీలో శిక్షణ పొంది, 1907 నాటికి పూర్తి స్థాయి నిపుణుడయ్యారు. అంటే మొదటి రోజు నుంచి లెక్కిస్తే తొమ్మిదేళ్లు. వందల రకాల నూనెలను, రసాయనాలను కళ్లు మూసుకుని వాసన బట్టి గుర్తుపట్టాలి. ఏది ఎంతసేపు నిలుస్తుందో, ఏది దేన్ని మింగేస్తుందో ముక్కుకు తెలియాలి. పాఠం బట్టీ పట్టినట్టు పట్టే చదువు కాదది.

1912లో, నెపోలియన్ మీద రష్యా చేసిన బొరొదినో యుద్ధానికి నూరేళ్లు నిండిన సందర్భంగా, ఆయన నెపోలియన్ పేరుతో ఒక సెంటు చేశారు. అది బాగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడు రొమానోవ్ రాజవంశపు మూడువందల ఏళ్ల పండుగకు కాథరిన్ మహారాణి పేరుతో ఇంకొకటి చేశారు. అది అంతగా నడవలేదు. మహారాణి పుట్టుక జర్మనీలో, అప్పటికే జర్మనీ పేరంటేనే పడని రోజులు. 1914లో దాని పేరును రాలే నంబర్ 1 అని మార్చేశారు. ఈ నడవని సెంటును గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బో ఫ్రెంచి సైన్యంలో చేరారు. 1917లో రష్యా విప్లవం జరిగింది, రాలే కర్మాగారం ప్రభుత్వపరమైంది. ఇరవై ఏళ్లుగా ఆయన జీవితమంతా అందులోనే గడిచింది, తిరిగి వెళ్లడానికి అదిక లేదు. ఆ తర్వాత రెండేళ్లు ఆయన రష్యా ఉత్తరపు కొసన, అర్ఖాంగెల్స్క్ ప్రాంతంలో విప్లవకారులకు వ్యతిరేకంగా పోరాడిన సేనల వైపు పనిచేశారు. అక్కడ ముద్యుగ్ అనే ద్వీపంలో ఖైదీల శిబిరం ఉండేది. చలికి, ఆకలికి, జబ్బులకు ఎందరో అక్కడ చనిపోయారు. బో ఆ ఖైదీలను ప్రశ్నించే అధికారిగా ఉన్నారని చరిత్ర రాసినవారు చెబుతున్నారు.

ఈ సంగతి రాయాలా వద్దా అని మా సంపాదక వర్గంలో రెండు రోజులు వాదన జరిగింది. గొప్పవారి గురించి రాసేటప్పుడు ఇలాంటివి వదిలేయడం అలవాటు. కానీ తనకు నంబర్ 5 ఆలోచన ఎక్కడిదో బో స్వయంగా తర్వాత చెప్పుకున్నారు. అర్ధరాత్రి కూడా సూర్యుడు అస్తమించని ఆ ఉత్తర దేశంలో, సరస్సుల మీద నుంచి వచ్చే తాజాదనాన్ని సీసాలోకి తేవాలని ప్రయత్నించానన్నారు. ఆ సరస్సులు, ఆ శిబిరం ఉన్నది ఒకే ఉత్తర భూమి. ఒకటి చెప్పి రెండోది దాచడం మాకు న్యాయంగా తోచలేదు.

1919లో ఆయన దక్షిణ ఫ్రాన్స్‌కు చేరారు. గ్రాస్ పట్టణం చుట్టుపక్కల అంతా సెంటు పూల సాగు. రాలే కంపెనీ మిగిలిన సిబ్బంది అక్కడికి దగ్గరలోనే ప్రయోగశాల పెట్టుకున్నారు. దాదాపు నలభై ఏళ్ల వయసులో ఆయన పని మళ్లీ మొదలైంది. రష్యా రాజకుటుంబానికి చెందిన ద్మిత్రి అనే ప్రభువు ద్వారా గాబ్రియేల్ షనెల్‌తో పరిచయం అయిందని అంటారు.

ఇక్కడ ఆమె గురించి ఒక మాట చెప్పాలి. 1883లో పుట్టిన షనెల్‌కు పదకొండేళ్లప్పుడు తల్లి చనిపోయింది. తండ్రి ఆమెను, అక్కచెల్లెళ్లను ఓబజీన్ అనే ఊరిలో క్రైస్తవ సన్యాసినులు నడిపే అనాథాశ్రమంలో వదిలి వెళ్లిపోయాడు. పెద్దయ్యాక ఆమె ఈ విషయం ఎవరికీ తెలియనివ్వలేదు. మేనత్తల ఇంట్లో పెరిగానని కథలు చెప్పేది. మన హాస్టలు అడ్రసు ఎవరైనా అడిగితే ఊరి పేరు చెప్పి ఊరుకునేవారు మనలోనూ ఉన్నారు కదా, అందుకే ఈ ముక్క దగ్గర మేము కాసేపు ఆగాం. సబ్బుతో కడిగిన ఒంటి వాసన, ఉతికిన బట్టల వాసన అంటే ఆమెకు ఇష్టమని ఆమె జీవితం రాసినవారు చెబుతారు.

బో ఆమె ముందు పది నమూనాలు పెట్టారు. ఒకటి నుంచి అయిదు వరకు కొన్ని, ఇరవై నుంచి ఇరవై నాలుగు వరకు కొన్ని. ఆమె అయిదో నంబరును ఎంచుకుంది. పేరు కూడా అదే ఉంచేసింది. అందులో ఎనభై దాకా దినుసులున్నాయి, జాజిపూల సారం ఎక్కువ కాబట్టి చాలా ఖరీదవుతుందని బో హెచ్చరించారట. అయితే జాజి ఇంకా పెంచమని ఆమె అన్నదని చెబుతారు. గ్రాస్ పొలాల్లో పండే ఆ జాజి మన పెరళ్లలో పూసేదే. వందల కిలోల పూలు కోస్తే ఒక కిలో సారం వస్తుంది. గులాబీ, వట్టివేరు, గంధం కూడా అందులో ఉన్నాయి. మొదట్లో పునుగు కూడా వాడేవారు. తిరుమల స్వామివారికి పూసే పునుగు తైలం గురించి విన్నవారికి ఇది వింతగా అనిపించదు. జంతువును బాధపెట్టకూడదని 1998 నుంచి దాని బదులు రసాయనం వాడుతున్నారు.

కానీ నంబర్ 5ను వేరు చేసింది పూలు కాదు, ఆల్డిహైడ్లు. పదో తరగతి సైన్సు పుస్తకంలో ఈ పేరు మీరు చదివే ఉంటారు. ఇవి ప్రయోగశాలలో తయారయ్యే పదార్థాలు. కొన్ని నారింజ తొక్కలో సహజంగానూ ఉంటాయి. వాటి వాసన అప్పుడే ఆర్పిన కొవ్వొత్తిలా, అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా ఉంటుంది. వాటిని కలిపితే పూల వాసన బరువు తగ్గి పైకి లేస్తుంది. సహాయకుడు పొరపాటున పది రెట్లు వేసేశాడని, అలా నంబర్ 5 పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. మాకు అది నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే మాస్కోలో నడవని ఆ రాలే నంబర్ 1లోనే బో ఆల్డిహైడ్లు వాడారు. పారిస్‌లో మెరిసింది మాస్కోలో ఓడిపోయిన ప్రయోగమే. ఇన్నేళ్ల కష్టాన్ని ఒక పొరపాటు ఖాతాలో వేయడం అన్యాయం.

1924లో సెంట్ల కోసం వేరే కంపెనీ పెట్టారు. వెర్తైమెర్ కుటుంబానికి నూటికి 70 వాటా, బాడెర్ అనే వ్యాపారికి 20, షనెల్‌కు 10. ఈ లెక్కలో బో లేరు. ఆయన సాంకేతిక డైరెక్టరుగా జీతానికి పనిచేశారు. తన వాటా చాలదని షనెల్ పెద్ద పోరాటమే చేసింది. జర్మన్లు పారిస్‌ను ఆక్రమించినప్పుడు, యూదులైన వెర్తైమెర్ల నుంచి కంపెనీని లాక్కోవడానికి నాజీల చట్టాన్ని ఆసరా చేసుకోబోయింది కూడా. అది సాగలేదు.

ఈ గొడవలకు ముందే బో తన మేలైన సెంట్లన్నీ చేసేశారు. 1922లో నంబర్ 22, 1925లో గార్డేనియా, 1926లో గంధపు చెక్క వాసనతో బ్వా దేజిల్. తోలు వాసనతో క్యుర్ ద రుసీ అనే సెంటు కూడా ఆ కాలానిదే. రష్యాలో తోలుకు పట్టించే భూర్జ వృక్షపు తారు వాసన అందులో ఉంటుంది. పోయిన దేశాన్ని ఆయన అలా దగ్గర పెట్టుకున్నారేమో. మా అందరికీ నచ్చింది మాత్రం 1928లో చేసిన స్వార్ ద పారి, అంటే పారిస్ సాయంత్రం. అది షనెల్ పేరుతో కాక, వెర్తైమెర్లదే అయిన బుర్జువా కంపెనీ పేరుతో వచ్చింది. ముదురు నీలం సీసా, వెండి రంగు నక్షత్రాలు. అమెరికాలో చిల్లర దుకాణాల్లో కూడా దొరికేది. మహారాణుల కోసం మొదలుపెట్టిన చేయి దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లల కోసం కూడా అంతే శ్రద్ధగా సెంటు కలిపింది.

బో 1954లో పదవీ విరమణ చేశారు. ఆయన స్థానంలోకి ఆన్రీ రొబేర్ వచ్చారు. 1959లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం వారు మంచి ప్యాకింగుల ప్రదర్శన పెట్టి, అందులో నంబర్ 5నూ ఉంచారు. జనం నిలబడి సీసాను చూశారు. మరో రెండేళ్లకు, 1961 జూన్‌లో, ఎర్నెస్ట్ బో పారిస్‌లో కన్నుమూశారు.