శ్రేష్ఠి కస్తూర్‌భాయి లాల్‌భాయి: వర్తకవిద్యకు విద్యాపీఠం

వర్తకుని కుమారునికి దుకాణమే బడి, తండ్రియే గురువు, చిట్టా ఆవర్జాలే పాఠ్యపుస్తకాలు అన్నది తరతరాల నమ్మకం. అందులో సత్యమెంత, లోటెంత అన్నది స్వానుభవంతో తెలిసికొన్న మహనీయుడు అహమ్మదాబాదు వాస్తవ్యులైన శ్రేష్ఠి కస్తూర్‌భాయి లాల్‌భాయి. 17 ఏండ్లకే కాలేజీ విడిచిన వీరు తమ 67వ ఏట దేశంలోని తొలి నిర్వహణశాస్త్ర విద్యాలయాలలో ఒకదానికి ఆధారస్తంభంగా నిలిచారు.

కస్తూర్‌భాయి 1894 డిసెంబరు 19న అహమ్మదాబాదులో, నగరశ్రేష్ఠుల వంశపు జైన కుటుంబంలో జన్మించారు. తండ్రి లాల్‌భాయి దల్పత్‌భాయి, తల్లి మోహినీబా. 1911లో మెట్రిక్యులేషను ముగించి గుజరాత్ కాలేజీలో చేరారు. మరుసటి సంవత్సరమే తండ్రిగారు ఆకస్మికంగా పరమపదించారు. రాయ్‌పూర్ మిల్లు భారం ఆ బాలుని భుజాలపై పడింది. చదువు అంతటితో ఆగిపోయింది.

మిల్లు నడపడం నేర్పే పుస్తకం గాని, ఉపాధ్యాయుడు గాని ఆనాడు లేరు. మొదట పనివారి హాజరు చూసే పని చేశారు. అది తృప్తి నీయక పత్తి కొనుగోలులో దిగి, సరకు మంచిచెడ్డలు స్వయంగా గ్రహించారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బట్టకు గిరాకీ హెచ్చింది. 1920లో అశోకా మిల్లు, 1931లో అరవింద్ మిల్లు వెలిశాయి. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే ఒక అమెరికను కంపెనీ సహకారంతో వల్సాడ్ సమీపంలో రంగుల తయారీకై అతుల్ కర్మాగారానికి అంకురార్పణ చేశారు.

దేశసేవలోనూ వారు వెనుకంజ వేయలేదు. 1923లో కేంద్ర శాసనసభకు ఎన్నికై, మిల్లు బట్టపై ఉన్న ఎక్సైజు సుంకం రద్దుకు పోరాడారు. 1934లో భారత వాణిజ్య మండలుల సమాఖ్యకు అధ్యక్షులయ్యారు. 1937 నుండి 1949 వరకు రిజర్వు బ్యాంకు డైరెక్టరుగా ఉన్నారు. దేశవిభజనతో కరాచీ రేవు చేజారగా, కండ్లా రేవును సూచించిన సంఘానికి వారే అధ్యక్షులు.

ధర్మకార్యాలలో వారి పేరు ఎరుగని జైన గృహం అరుదు. సుమారు అర్ధశతాబ్దం ఆనంద్‌జీ కల్యాణ్‌జీ పేఢీకి అధ్యక్షత వహించి, రాణక్‌పుర, దిల్వారా ఆలయాల జీర్ణోద్ధరణ సోంపురా శిల్పులచే జరిపించారు. ఆనంద్‌జీ కల్యాణ్‌జీ అన్నది ఏ ఒక్క వ్యక్తి పేరూ కాదు. ఆనందాన్నీ, కల్యాణాన్నీ కోరి పెట్టిన పేరది. అధ్యక్షులు మారినా, తరాలు గడచినా పేఢీ నిలిచింది. లెక్క, నియమం, ప్రతినిధుల సభ అనే మూడూ ఉంటే సంస్థ మనిషి ఆయుర్దాయాన్ని దాటి బ్రతుకుతుందనడానికి ఇది చక్కని తార్కాణం.

సొంత మిల్లుల విషయంలోనూ వారి చూపు వ్యక్తిని దాటి సంస్థ వైపు సాగింది. 1936లో మావలంకర్ మున్నగు వారితో కలసి అహమ్మదాబాదు విద్యాసంఘాన్ని నెలకొల్పారు. 1948లో తండ్రిగారి పేర ఇంజనీరింగు కాలేజీ వెలిసింది. 1947లో మిల్లు యజమానుల పక్షాన ‘అటిరా’ అనే వస్త్ర పరిశోధనా సంస్థ ఏర్పడింది. దానికి డైరెక్టరుగా నియమితులైన డాక్టరు విక్రమ్ సారాభాయి వయస్సు అప్పుడు 28 ఏండ్లు. ఆయన చదివినది విశ్వకిరణాల శాస్త్రం, నేతపని కాదు. అయినను అటిరాలో నూలుతో పాటు మనుష్య సంబంధాలు కూడా పరిశోధనాంశమైనాయి. మేస్త్రీకీ పనివానికీ పొత్తు ఎందుకు చెడుతున్నది? ఆజ్ఞ ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నది? ఇట్టి ప్రశ్నలను మనస్తత్వశాస్త్ర నిపుణురాలు కమలా చౌదరి పరిశీలించారు.

ఈ ఆలోచనలకు పూర్ణరూపమే అహమ్మదాబాదులోని భారత నిర్వహణ విద్యాసంస్థ. తొలుత ఇట్టి సంస్థకు బొంబాయి పేరు వినవచ్చింది. సారాభాయి, కస్తూర్‌భాయి, రాష్ట్ర ముఖ్యమంత్రి డాక్టరు జీవరాజ్ మెహతా చేసిన కృషి వల్ల అది అహమ్మదాబాదుకు దక్కింది. కేంద్ర ప్రభుత్వం, గుజరాత్ ప్రభుత్వం, పారిశ్రామికులు ముగ్గురూ చేయి కలిపారు. 1961 డిసెంబరులో సంస్థ ప్రారంభమైంది. అమెరికాలోని హార్వర్డ్ వ్యాపార విద్యాలయం బోధనాపద్ధతి నందించింది. 1964లో రెండేండ్ల చదువు మొదలైంది.

ఆ బోధన వల్లెవేసేది కాదు. నిజంగా జరిగిన ఒక వ్యాపార సమస్యను విద్యార్థుల ముందుంచి తీర్పు వారినే చెప్పమంటారు. ఉదాహరణకు ముగ్గురు సోదరుల కొట్టు ఒకటి ఉన్నదనుకొందాం. అరువు ఇచ్చే అధికారం ముగ్గురికీ ఉన్నది, వసూలు చేసే బాధ్యత ఎవరిదీ కాదు. బాకీలు పెరిగినప్పుడు తప్పు గుమాస్తాదా, సోదరులదా, ఏర్పాటుదా? అధికారమూ బాధ్యతా ఒకే చోట ఉండాలన్న సూత్రం అక్కడ చర్చలో నుండి పుడుతుంది. పాత వర్తకులు అనుభవంతో ఎరిగినదే ఇది. కాని వారు దానిని వ్రాసిపెట్టలేదు. వారితోనే అది పోయేది.

1965లో డైరెక్టరైన రవి మథాయి 1972లో తమంతట తామే పదవి విడిచి, అదే సంస్థలో ప్రొఫెసరుగా కొనసాగారు. పదవి వేరు, మనిషి వేరు అన్న పాఠాన్ని ఆయన ఆచరణలో చూపారు.

చదువు ఒక్కటే వ్యాపారాన్ని కాపాడుతుందని చెప్పరాదు. 1980వ దశకంలో, విద్యాసంస్థ ఉన్న ఆ నగరంలోనే ఎన్నో మిల్లులు మూతపడ్డాయి. మాట నిలుపుకోవడం, నష్టానికి తట్టుకోవడం ఏ తరగతిలోనూ పూర్తిగా అబ్బవు. అవి గద్దె మీదనే అలవడాలి. అయితే 17 ఏండ్ల వారసుడు చీకటిలో తడుముకొనే అవస్థను తప్పించే దీపం చదువే. ఆ అవస్థను అనుభవించిన కస్తూర్‌భాయి దీపాన్ని తన ఇంటి వరకే ఉంచుకొనక పదిమందికీ పెట్టారు.

1969లో భారత ప్రభుత్వం వారిని పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. 1980 జనవరి 20న వారు దివంగతులయ్యారు. వ్యాపార నిర్వాహకులకు శిక్షణ నిచ్చే కేంద్రమొకటి ఆ విద్యాసంస్థలోనే వారి పేర వెలసింది. డిగ్రీ లేని శ్రేష్ఠి పేరున్న ఆ భవనంలో డిగ్రీలున్న వారు మళ్లీ విద్యార్థులై కూర్చుంటారు. కుమారులనూ కుమార్తెలనూ గద్దెపై కూర్చుండబెట్టబోయే ప్రతి వర్తక కుటుంబమూ తలచుకొనదగిన జీవితమిది.