ఐలమ్మ పంట, దొర గడి, ఒక యుద్ధం

మన మదనపల్లి, పుంగనూరు, కుప్పం పక్క పిల్లోళ్లకు చాకలి ఐలమ్మ అంటే ఫోన్లో కనిపించే బొమ్మే. సెప్టెంబరు వచ్చిందంటే చేతిలో కర్ర పట్టుకున్న ముసలామె ఫొటో స్టేటస్‌లలో తిరుగుతా ఉంటాది. ఆమె ఎవురు అని అడిగితే, తెలంగాణామె, దొరల మీద కొట్లాడింది అని చెప్పి ఆపేస్తారు. ఆ కొట్లాట ఒక రైతు కయ్యలో పుట్టి ఒక రాజ్యాన్ని ఎట్లా యుద్ధంలోకి లాగిందో మన పిల్లోళ్లు తెలుసుకోవాల. అందుకే రాస్తా ఉండాను.

ఐలమ్మ 1895 సెప్టెంబరు 26న వరంగల్లు పక్క కృష్ణాపురంలో పుట్టింది. అమ్మ ఓరుగంటి మల్లమ్మ, నాయన సాయిలు. బట్టలుతికే కులం. పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహకు ఇచ్చి పెండ్లి చేసినారు. కొడుకులు, ఒక కూతురు. ఆ పక్క అప్పుడు నిజాం రాజ్యం. పైన నిజాం, కింద ఊళ్లల్లో దేశముఖులు, పటేళ్లు, పట్వారీలు. జనానికి నిజాం కనబడేది లేదు, దొర గడి కనబడేది.

ఆ గడి కింద నడిచిందే వెట్టి. చాకలోళ్లు బట్టలుతికి, గడిలో చాకిరీ చెయ్యాల. కుమ్మరోళ్లు కుండలియ్యాల. మాదిగోళ్లు చెప్పులు కుట్టియ్యాల, తోలు పనంతా చూడాల. గొల్లోళ్లు గొర్రెలు తోలాల. దేనికీ పైసా లేదు. రైతు గూడా తన కయ్య ఎండినా సరే, ముందు దొర మడి దున్నాల. అప్పు కింద జీతానికి కుదిరినోడి బాకీ వాడితో తీరేది కాదు, కొడుకు మెడకు చుట్టుకునేది. దొర కూతురికి పెండ్లయితే ఆమెతో పాటు ఆడపిల్లల్ని గూడా అత్తగారింటికి పంపేవాళ్లు, ఆడబాపలని పేరు పెట్టి. సంతలో మనిషిని అమ్మలేదు గానీ, మిగతాదంతా బానిసతనమే.

ఐలమ్మ చేసిన మొదటి పని చూస్తే చిన్నదే. మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుని సేద్యం పెట్టుకుంది. ఇంకొకరి బట్టలుతికే ఇంటామె తనకంటూ పంట పండించుకుంటే గడికి గిట్టలేదు. ఆమెను చూసి రేపు ఇంకొకరు చెయ్యరా అని వాళ్ల భయం. ఊరి పట్వారీ తన మళ్లో పనికి రమ్మని కబురు పెడితే, ఐలమ్మ ఇంటోళ్లు పోలేదు. ఆ పోకపోవడమే తగాదాకు మొదలు.

అప్పటికే ఆంధ్ర మహాసభ ఊళ్లల్లోకి దిగింది. 1944లో భువనగిరి సభలో సభ్యత్వం రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించినారు. అట్లా తగ్గించినాకనే కూలోళ్లకు, కులవృత్తులోళ్లకు దాంట్లో చోటు దొరికింది. జనం దాన్ని సంగం అన్నారు. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి లాంటి నాయకులు వెట్టి చెయ్యొద్దని ఊరూరా చెప్పినారు. ఐలమ్మ సంగంలో చేరింది. విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి అది ఓర్చుకోలేకపోయినాడు. ఆయనకు 40 వేల ఎకరాలు ఉండేదని సుందరయ్య తన పుస్తకంలో రాసినాడు. అంత భూమి ఉన్నోడికి ఐలమ్మ కయ్య ఎందుకు? గింజలకు కాదప్పా, ఆమె తల వంచలేదని.

ముందు కేసు పెట్టినారు. అది ఐలమ్మ పక్కకే తేలింది. కోర్టులో ఓడినాక దొర మనుషుల్ని పంపినాడు, పంట కోసుకొని రమ్మని. సంగమోళ్లు అడ్డం నిలబడినారు. భీంరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి లాంటోళ్లు కర్రలు పట్టుకుని దొర మనుషుల్ని తరిమి, వడ్లు ఐలమ్మ ఇంటికి చేర్చినారు. దానికి కక్ష గట్టి ఇంటికి నిప్పు పెట్టినారు. భర్తను, కొడుకుల్ని కొట్టి జైల్లో వేసినారు. అయినా ఆమె భూమి వదల్లేదు.

ఆమె పంట నిలబడిందనే మాట చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. 1946 జులై 4న కడవెండిలో జనం ఊరేగింపుగా గడి ముందర పోతా ఉంటే, దేశముఖు మనుషులు తుపాకి పేల్చినారు. దొడ్డి కొమరయ్య చచ్చిపోయినాడు. ఆ దినం నుంచి కర్ర పట్టుకున్న చెయ్యి తుపాకి కోసం వెతికింది. ఒక పక్క దొరలు, నిజాం పోలీసులు, రజాకార్లు. ఇంకో పక్క సంగం దళాలు. 1948 సెప్టెంబరులో ఇండియా సైన్యం దిగి నిజాం లొంగిపోయినా గడుల తగాదా ఆగలేదు, 1951 అక్టోబరు దాకా నడిచింది. సుందరయ్య లెక్క ప్రకారం 3 వేల ఊళ్లు లేచినాయి, 10 లక్షల ఎకరాలు పంచినారు, 4 వేల మంది చచ్చిపోయినారు. ఒకే భాష మాట్లాడే జనం రెండు పక్కల నిలబడి చంపుకుంటే దాన్ని ఇంటి యుద్ధమనే అంటాను నేను. వెట్టి ఒకటే కారణమని చెప్పను. నిజాం రాజకీయం ఉంది, పార్టీ రాజకీయం ఉంది. కానీ వెట్టి లేకుంటే ఊళ్లు అట్లా లేచేవి కావు.

అమెరికా కథ గూడా దీని మాదిరే. ఆడ 1860 నాటికి దగ్గర దగ్గర 40 లక్షల మంది నల్లోళ్లు బానిసలు. కొత్త రాష్ట్రాల్లో బానిసలుండొచ్చా లేదా అని 1820లో ఒక రాజీ, 1850లో ఇంకో రాజీ చేసుకున్నారు. 1857లో నల్లోళ్లు పౌరులే కాదని పెద్ద కోర్టు తీర్పిచ్చింది. కొత్త చోట్లకు బానిసతనం పాకొద్దన్న లింకను గెలిచేసరికి దక్షిణ రాష్ట్రాలు విడిపోయినాయి. 1861 నుంచి 1865 దాకా యుద్ధం, 6 లక్షల మందికి పైగా చావు. చాకిరీకి కూలి ఇచ్చి, మనిషిని మనిషిగా చూసి ఉంటే తేలిపోయే తగాదా. వాయిదా వేసే కొద్దీ దానికి వడ్డీ రక్తంలో కట్టినారు. పాలకుర్తిలో గూడా అంతే. ఐలమ్మను ఆమె కయ్యలో ఆమెను బతకనిచ్చుంటే దొరకు పోయేదేముంది?

మన పక్క నిజాం లేడు, మద్రాసు ప్రభుత్వం కింద పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉండేవి. 1948 చట్టంతో జమీందారీలు పోయినాయి. హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు 1949లో పోయినాయి. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టి వద్దనింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఇన్ని వచ్చినా, ముందు అడ్వాన్సు ఇచ్చి, బాకీ తీరేదాకా కదలొద్దని ఇటుక బట్టీల్లో, క్వారీల్లో మనుషుల్ని కట్టేసే పద్ధతి మన దేశంలో పోలేదు. పని కోసం సరిహద్దు దాటి బెంగుళూరు పోయే మన పిల్లోళ్లు ఒకటి గుర్తు పెట్టుకోవాల. ఆ చట్టం ప్రకారం వెట్టి బాకీ చెల్లదు, తీర్చే పని లేదు. వెట్టి చేయించినోడికి మూడేండ్ల దాకా జైలు. కనీస కూలి కంటే తక్కువిచ్చి చేయించుకుంటే అది గూడా బలవంతపు చాకిరీయే అని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. కలెక్టరుకు అర్జీ పెడితే విచారించి విడిపించాల్సిన పని వాళ్లది.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చచ్చిపోయింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినారు. బడికి పోని ఆమె పేరుతో ఆడపిల్లోళ్లు డిగ్రీ పట్టా తీసుకుంటా ఉండారు. సంతోషమే. ఈ సెప్టెంబరుకు స్టేటస్ పెట్టేటప్పుడు రొంత ఆలోచించండి. మీ ఊర్లో అడ్వాన్సు బాకీ కింద ఏండ్ల తరబడి చిక్కుకున్న ఇల్లు ఉంటే, ఆ ఇంటోళ్లకు అర్జీ రాసివ్వండి. వాళ్లకు రాదు, మీకు వచ్చు.