బనియన్‌కు పేరిచ్చిన కండల వీరుడు

చేతుల్లేని బనియన్‌ను మీ ఇంట్లో ఏమంటారు? శాండో బనియన్ అనే కదా. ఆ శాండో ఒక మనిషి. యూజెన్ శాండో. ఇప్పటి బాడీబిల్డింగ్‌కు ఆద్యుడు. మిస్టర్ ఒలింపియా పోటీలో విజేత చేతికిచ్చే బొమ్మ ఆయనదే. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడికి దక్కిన బిరుదుల్లో ఇండియన్ శాండో ఒకటి. మీ అబ్బాయి జిమ్‌లో చేరతానంటున్నా, నలభై దాటాక మీరే చేరాలనుకుంటున్నా ఈయన గురించి కాస్త తెలుసుకోండి. కండలు చూసి మురిసిపోవడానికి కాదు, బరువు ఎత్తడానికి ముందు ఆయన ఏం చేసేవాడో చూడటానికి.

అసలు పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. 1867 ఏప్రిల్ 2న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలోని కాలినిన్‌గ్రాడ్. తాను చిన్నప్పుడు బలహీనంగా ఉండేవాడినని, తండ్రి వెంట ఇటలీ వెళ్లి అక్కడి ప్రాచీన శిల్పాలు చూశాక అలాంటి ఒళ్లు కావాలనిపించిందని రాసుకున్నాడు. ప్రచారం కోసం అల్లుకున్న కథేమోనని చరిత్రకారులకు అనుమానం. అది అలా ఉంచండి. పద్దెనిమిదో ఏట శరీర నిర్మాణ శాస్త్రం చదవడం మొదలుపెట్టానని కూడా రాశాడు. డాక్టర్‌గా నాకు నచ్చేది ఈ ముక్క. ఏ కదలికకు ఏ కండ పనిచేస్తుందో తెలుసుకుని, దానికి తగిన వ్యాయామం ఎంచుకోవడం ఆయన పద్ధతి. పక్కవాడు ఎత్తుతున్నాడు కాబట్టి నేనూ ఎత్తుతాననడం కాదు.

సైన్యంలో చేరడం ఇష్టంలేక 1885లో దేశం వదిలి సర్కసుల్లో తిరిగాడు. బ్రస్సెల్స్‌లో అట్టిలా అనే గురువు దొరికాడు. 1889లో లండన్‌లో శాంసన్ అనే వస్తాదును ఓడించి పేరు తెచ్చుకున్నాడు. 1893లో అమెరికా వెళ్లాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య చూసే డాక్టర్ డడ్లీ సార్జెంట్ ఆయన శరీరాన్ని క్షుణ్నంగా కొలిచి పరీక్షించింది ఆ ఏడాదే.

ఆ కొలతలే తర్వాత ఆయన శిక్షణకు పునాది అయ్యాయి. 1897లో లండన్‌లో వ్యాయామశాల తెరిచాడు. చేరినవాళ్లకు మొదట టేపు పెట్టి ఛాతీ, చేయి, తొడ, నడుము కొలిచి రాసేవారు. కొన్నాళ్లకు మళ్లీ కొలిచేవారు. దూరాన ఉన్నవాళ్లకు ఉత్తరాల ద్వారా కూడా శిక్షణ నడిచింది. అదే ఏడాది వచ్చిన పుస్తకంలో వయసును బట్టి పట్టికలు ఇచ్చాడు. తేలికపాటి డంబెల్స్‌తో, తక్కువ సంఖ్యతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. నూట పాతికేళ్ల కిందటి ఆ పట్టిక ఇవాళ సెల్‌ఫోన్‌లో కనిపించే చాలా రీల్స్ కన్నా నయం.

మీరూ అలాగే చేయండి. మూడు నెలలకు ఒక లక్ష్యం చాలు. బాడీ రావాలి అనేది లక్ష్యం కాదు, కోరిక. ఇవాళ నాలుగు పుషప్స్ తీయగలిగితే మూడు నెలలకు పదిహేను తీయాలి, నడుము రెండు అంగుళాలు తగ్గాలి, వారానికి మూడు రోజులు తప్పకూడదు... ఇవి లక్ష్యాలు. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. ఇంకో సంగతి. మొదటి నెలా నెలన్నరలో పెరిగే బలం చాలావరకు నరాలది. కండలను సరిగా పనిచేయించడం మెదడు అప్పుడే నేర్చుకుంటూ ఉంటుంది. కండ సైజు తర్వాత పెరుగుతుంది. ఈ సంగతి తెలియకే చాలామంది అద్దం చూసుకుని నిరాశపడి రెండో నెలలో మానేస్తారు.

మనసు విషయంలో శాండో మరీ పట్టుదల మనిషి. ధ్యాస ఎక్కడో పెట్టి చేతులు ఆడిస్తే కండ పెరగదన్నది ఆయన గట్టి నమ్మకం. అందుకోసం ఒక డంబెల్ తయారుచేయించాడు. అది నిలువునా రెండు చెక్కలుగా ఉంటుంది, మధ్యలో స్ప్రింగులు. వ్యాయామం చేసినంతసేపూ పిడికిలి బిగించి ఆ రెండు చెక్కలనూ దగ్గరగా పట్టి ఉంచాలి. ఆలోచన పక్కకు పోయిందా, పట్టు సడలిపోతుంది. తేలికైన, మధ్యస్థమైన బరువులు ఎత్తేటప్పుడు పనిచేసే కండ మీద ధ్యాస పెడితే ఆ కండ మరింత చురుగ్గా పనిచేస్తుందని ఇప్పటి పరిశోధనలూ చెబుతున్నాయి. కాబట్టి ఫోన్ బ్యాగులో పెట్టేయండి. ప్రతి సెట్‌కు ముందు అర నిమిషం ఆగండి. ఏ కండతో చేయబోతున్నారో తలచుకుని, ఊపిరి నిదానించాక మొదలుపెట్టండి.

1901 సెప్టెంబర్ 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో శాండో పెద్ద దేహదారుఢ్య పోటీ పెట్టాడు. న్యాయనిర్ణేతలు ముగ్గురు: శాండో, శిల్పి చార్లెస్ లావ్స్, షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్. డాయిల్ వైద్యుడు కూడా. కండ ఎవరిది లావు అని మాత్రమే చూడలేదు. ఒళ్లంతా సమంగా ఉందా, ఆరోగ్యం బాగుందా, చర్మం ఎలా ఉందని కూడా చూశారు. నాటింగ్‌హాం నుంచి వచ్చిన విలియం ముర్రే గెలిచాడు. ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగిన శాండో 1905లో మన దేశానికీ వచ్చాడు.

మా ఓపీలో మాత్రం నాకు కనిపించేది వేరే. చేరిన మొదటి వారంలోనే స్నేహితుడితో పందెం వేసి వందల గుంజీలు తీసి, మూడో రోజుకు తొడలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తోందని వచ్చే కుర్రాళ్లు. కండలు దెబ్బతిని వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలోకి చేరిందన్నమాట. అది కిడ్నీలను పాడుచేస్తుంది. రంగు మారగానే ఆసుపత్రికి రావాలి, తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఇంకొందరు తొందర కొద్దీ స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు దిగుతారు. పెళ్లయ్యాక పిల్లలు కలగడం లేదని వచ్చినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. అమ్మానాన్నలూ, అబ్బాయి ఏ పొడి తింటున్నాడో, ఏ సూది వేయించుకుంటున్నాడో అడగండి. కోప్పడితే మాత్రం చెప్పడు.

శాండో 1925 అక్టోబర్ 14న, 58 ఏళ్ల వయసులో లండన్‌లో చనిపోయాడు. గుంతలో పడిన కారును ఒంటరిగా ఎత్తడం వల్లే మెదడులో రక్తనాళం చిట్లిందని అప్పట్లో ప్రచారం జరిగింది. మరణ ధ్రువీకరణలో రాసింది మాత్రం బృహద్ధమని ఉబ్బు. అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం గోడ బలహీనపడి ఉబ్బడం. పైకి కండలెంత గట్టిగా ఉన్నా లోపలి రక్తనాళం సంగతి తెలియదు. ఊపిరి బిగబట్టి పెద్ద బరువు ఎత్తినప్పుడు రక్తపోటు అమాంతం పెరుగుతుంది. అందుకే ఎత్తేటప్పుడు గాలి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవాళ్లు జిమ్‌కు డబ్బు కట్టే ముందు బీపీ చూపించుకుని, ఈసీజీ అవసరమేమో డాక్టర్‌ను అడగండి. ప్రభుత్వాసుపత్రిలో ఈ రెండింటికీ మీకు రూపాయి ఖర్చుండదు.