రోజర్ విలియమ్సు

1631లో ఇంగ్లండునుండి అమెరికాలోని మాసచూసెట్సునకు చేరిన రోజర్ విలియమ్సు మతబోధకుడు. అచ్చటి ప్రభుత్వము చర్చి నియమములను మీరినవారిని సైతము దండించుచుండెను. భక్తివిషయమున న్యాయాధికారికి పనిలేదని ఆయన వాదించెను. ఆదివాసుల నేలను దానమిచ్చు హక్కు రాజునకు లేదనెను. 1635లో న్యాయసభ బహిష్కారము విధించెను. నడిశీతకాలమున, ఇల్లాలిని పసిబిడ్డలను విడిచి, మంచులో వెడలిన ఆయనను ఆదుకొన్నవారు ఆ ఆదివాసులే. నర్రగాన్సెట్టు నాయకులొసగిన నేలపై 1636లో ప్రావిడెన్సు పట్టణము వెలసెను.

అచ్చట మతనిర్బంధము లేదు. అంతట కొందరు, స్వేచ్ఛ గలదు గనుక శిక్షయే కూడదనసాగిరి. 1655లో విలియమ్సు పురజనులకు లేఖ వ్రాసి, ఊరిని ఓడతో పోల్చెను. ఓడలోని కాథలిక్కునుగాని యూదునిగాని తురుష్కునిగాని ప్రార్థనకు ఈడ్చుకొని రారాదు; అయినను ఓడ క్షేమమునకైన ఆజ్ఞను ధిక్కరించువాడు ఎవడైనను శిక్షార్హుడే. ఎంత తేటయైన ఉపమానము!

క్వేకరుల మతము ఆయనకు గిట్టదు. 1672లో, వృద్ధాప్యమున, పడవ తానే నడుపుకొని పోయి వారితో దినములతరబడి వాదించెను, వెళ్లగొట్ట యత్నింపలేదు.