విల్లిస్ కారియర్

శ్రీకాకుళం జిల్లాలో పలాస, కాశీబుగ్గ, టెక్కలి ప్రాంతముల నుండి బంగాళాఖాతము వఱకు వ్యాపించిన పచ్చని సీమను ఉద్దానమందురు. కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలతో అది కన్నుల పండువుగా నుండును. కాని వర్షకాలమున సముద్రపు గాలి మోసికొనివచ్చు తేమ ప్రతి యింటను ప్రవేశించును. జాడీలోని ఉప్పు నీరుగారును. పుస్తకములకు బూజు పట్టును. ఉతికిన బట్టలు రెండు దినములైనను ఆరవు. కాశీబుగ్గలోని జీడిపప్పు పరిశ్రమకు ఈ తేమతో నిత్యము పోరాటమే. పప్పు మీది పొర ఊడి వచ్చుటకు దానిని వేడిగాలిలో ఆరబెట్టవలెను. మితిమీరి ఆరినచో పప్పు పెళుసై ముక్కలగును. గుండుపప్పునకు వచ్చు ధర ముక్కలకు రాదు. తేమ మిగిలినచో పప్పు మెత్తబడి చెడిపోవును. కావున తేమను తొలగించుట మాత్రమే చాలదు. ఎంత తొలగింపవలెనో తెలిసియుండవలెను. గాలి విషయమున ఈ కొలతను ఒక శాస్త్రముగా తీర్చిదిద్దినవాడు విల్లిస్ హావిలాండ్ కారియర్ అను అమెరికా దేశపు ఇంజనీరు.

కారియర్ 1876 నవంబరు 26వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని అంగోలా అను గ్రామమునకు సమీపమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులకు అతడొక్కడే సంతానము. అతని తల్లి గడియారములను, కుట్టుమిషనులను స్వయముగా బాగుచేయగల నేర్పరి. బాల్యమున కారియర్‌కు భిన్నములు ఎంత చెప్పినను బోధపడలేదు. అది గమనించిన తల్లి, ఇంటి నేలమాళిగలో నిలువ చేసిన ఆపిలు పండ్లను కొన్ని తెమ్మని చెప్పి, వానిని సగములుగను, పాతికలుగను, ఎనిమిదవ వంతులుగను కోయించి, కూడికలు, తీసివేతలు చేయించెను. చేతితో పట్టుకొని చూచిన లెక్క మనసున నాటుకొనెను. ఏ చిక్కునైనను చిన్న భాగములుగా విడదీసి పరిశీలించు అలవాటు అతనికి ఆనాడే కలిగెను. అతనికి పదునొకండవ యేట తల్లి మరణించెను.

1893లో అమెరికాలో సంభవించిన ఆర్థిక సంక్షోభము రైతు కుటుంబములను క్రుంగదీసెను. కారియర్ కొంతకాలము బడిపంతులుగా పనిచేసి, పిమ్మట విద్యార్థివేతనము సంపాదించి కార్నెల్ విశ్వవిద్యాలయమున చేరెను. పచ్చికబయళ్లు కత్తిరించియు, కొలుములకు బొగ్గు వేసియు ఖర్చులకు సంపాదించుకొనెను. 1901లో ఇంజనీరింగు పట్టము పొంది, బఫెలో ఫోర్జి కంపెనీలో వారమునకు పది డాలర్ల జీతముపై ఉద్యోగమున కుదిరెను.

ఆ కంపెనీ వేడిగాలి యంత్రములను తయారు చేయుచుండెను. ఎంత గాలిని వేడిచేయుటకు ఎన్ని గొట్టములు కావలెనో ఎవరికిని నిశ్చయముగా తెలియదు. అందఱును ఉజ్జాయింపుగా యంత్రములను అమర్చుచుండిరి. చాలకపోవునేమో యను భయముతో పెద్ద యంత్రమును పెట్టుట వాడుక. ఇందువలన ధనము, బొగ్గు వ్యర్థమగుచుండెను. కారియర్ స్వయముగా ప్రయోగములు చేసి పట్టికలు తయారుచేసెను. ఊహించుటకు బదులు కొలుచుటయే ఆయన జీవితమున తొలి విజయము.

1902లో బ్రుక్లిన్‌లోని ఒక ముద్రణాలయమునకు విచిత్రమైన ఆపద వచ్చెను. రంగుల చిత్రములను అచ్చు వేయునపుడు ఒక్కొక్క రంగును వేఱువేఱుగా అద్దవలెను. వేసవి గాలిలోని తేమకు కాగితము వ్యాకోచించుచు, సంకోచించుచు ఉండుటచే ఒక రంగుపై మఱియొక రంగు సరిగా కూర్చొనలేదు. కాగితము, సిరా, కాలము నష్టమగుచుండెను. ఈ సమస్య ఇరువదియైదేండ్ల కారియర్ చేతికి వచ్చెను. చల్లని గొట్టముల మీదుగా గాలిని పంపినచో అందలి తేమ నీటిబొట్లుగా రాలిపోవునని గ్రహించి, ముద్రణాలయములో సంవత్సరము పొడవునను గాలితేమ నూటికి 55 పాళ్లు ఉండునట్లు ఆయన ఏర్పాటు రూపొందించెను. ఆధునిక వాతానుకూల యంత్రమునకు ఇదియే ఆరంభము. ఆ యంత్రము మనుష్యుల సుఖమునకై కాక, కాగితము నుండి తేమను తొలగించుటకై పుట్టినదని గమనింపదగును.

అదే సంవత్సరమున పిట్సుబర్గు రైలు స్టేషనులో బండికై వేచియుండగా, దట్టమైన పొగమంచు కమ్ముకొనెను. దానిని చూచుచు కారియర్ ఆలోచనలో మునిగెను. వేడిగాలి ఎక్కువ తేమను మోయగలదు. చల్లని గాలి మోయలేదు. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటియావిరిని ధరింపగలదు. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడినచో 9 గ్రాములకు మించి ధరింపజాలదు. మిగిలినది నీరై రాలును. కావున గాలిని చల్లని నీటి జల్లుగుండా నడిపి, ఆ నీటి చల్లదనమును హెచ్చుతగ్గులు చేసినచో, గాలిలోని తేమను కోరిన కొలతకు తేవచ్చును. నీటితోనే గాలిని ఆరబెట్టుట వినువారికి వింతగా తోచినను అది శాస్త్రసమ్మతము. ఈ యంత్రమునకు 1906లో ఆయన పేటెంటు హక్కు పొందెను. 1911లో గాలి వేడిమికిని, తేమకును గల సంబంధమును సూత్రములలో వివరించి, అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘమునకు సమర్పించెను.

1914లో మహాయుద్ధము ప్రారంభమయ్యెను. బఫెలో ఫోర్జి కంపెనీ ఖర్చు తగ్గించుకొనుటకై కారియర్ నడుపుచున్న వాతానుకూల శాఖను మూసివేయ నిశ్చయించెను. అంతవఱకు చేసిన కృషి యంతయు నిలిచిపోవు స్థితి కలిగెను. అప్పుడు కారియర్, మఱి ఆరుగురు సహచరులు తాము కూడబెట్టుకొన్న 32,600 డాలర్లను పోగుచేసి 1915లో స్వంత సంస్థను స్థాపించిరి. సొంత కర్మాగారము లేదు, చేతిలో ఎక్కువ ధనము లేదు. ఉన్నదెల్ల తమ లెక్కలపై నమ్మకమే. ఆ నమ్మకము వమ్ము కాలేదు. 1922లో ఆయన రూపొందించిన క్రొత్త శీతల యంత్రము పెద్ద భవనములకు వాతానుకూలమును అందుబాటులోనికి తెచ్చెను. 1925లో న్యూయార్కులోని రివోలీ సినిమాశాలను అట్లు చల్లబరచగా, విసనకఱ్ఱలతో వచ్చిన ప్రేక్షకులు కొంతసేపటికి వానిని ప్రక్కన పెట్టి సుఖముగా కూర్చుండిరి.

నేడు చెమ్మగిల్లిన నేలమాళిగలలోను, గిడ్డంగులలోను ఉపయోగించు డీహ్యూమిడిఫయర్ యంత్రములలో పెక్కు కారియర్ గుర్తించిన సూత్రముపైననే నడచును. అట్టి యంత్రమును కొనుటకు ముందు ఆయన పద్ధతిని అనుసరించుట మేలు. గోడల నుండి నీరు ఊరుచున్నచో మొదట దానిని ఆపవలెను. ముసురు పట్టిన దినములలో బయటి తడిగాలి చల్లని గోడలను తాకి నీరగును గనుక తలుపులు, కిటికీలు మూయవలెను. పిమ్మట తేమను కొలిచి, గది పరిమాణమునకు తగిన యంత్రమును ఎన్నుకొనవలెను. ఒక యూనిట్టు విద్యుత్తునకు ఏ యంత్రము ఎక్కువ లీటర్ల నీటిని తీయునో అదియే పొదుపైనది. నూటికి 50 నుండి 60 పాళ్ల తేమ వద్ద తానే ఆగిపోవు యంత్రమైనచో వ్యర్థవ్యయము ఉండదు. అవసరమునకు మించి నడుపుటవలన కరెంటు బిల్లు పెరుగుటయే కాదు. విద్యుత్తునకై మండు బొగ్గు లోకమును మఱింత వేడెక్కించును.

కారియర్ 1950 అక్టోబరు 7వ తేదీన న్యూయార్కులో దివంగతుడయ్యెను. కంటికి కనబడని తేమను ఆయన బలముతో కాక లెక్కతో లొంగదీసెను. ఎంత కావలెనో తెలిసికొని అంతయే ఉపయోగించుట పొదుపునకు మూలమని ఆయన జీవితము బోధించుచున్నది.