రెండు భాషల మధ్య నిలబడిన మనిషి: ఏనుగుల వీరాస్వామయ్య

మన తెలుగు పెద్దల గురించి చెప్పుకునే ఈ శీర్షికలో ఈసారి ఏనుగుల వీరాస్వామయ్య గారిని పరిచయం చేసుకుందాం. ఆ పేరు వినగానే పెద్దవాళ్లలో చాలామందికి ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర' గుర్తుకొస్తుంది. అయితే ఆయనకు అన్నం పెట్టిన ఉద్యోగం ఏమిటో మీకు తెలుసా? మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్. అంటే సాక్షి చెప్పింది జడ్జికి, జడ్జి అడిగింది సాక్షికి అర్థమయ్యేలా చెప్పే దుబాసీల్లో ముఖ్యుడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడే మీకు ఈ పని ఎంత కష్టమో వెంటనే అర్థమవుతుంది.

వీరాస్వామయ్య గారు 1780 ప్రాంతంలో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇంకా పిల్లవాడిగా ఉండగానే కంపెనీ కచేరీల్లో చేరి పని నేర్చుకోవాల్సి వచ్చింది. మనకున్నట్టు ఆయనకు ట్యూషన్లు లేవు, చేతిలో పెద్ద డిక్షనరీ కూడా లేదు. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో. అప్పటికి వీరాస్వామయ్య గారు చనిపోయి పదహారేళ్లు.

ఇక ఆ కోర్టు సంగతి. మద్రాసు సుప్రీంకోర్టు 1801లో మొదలైంది. జడ్జీలు ఇంగ్లండు నుంచి వచ్చేవారు. మద్రాసు పట్నంలో నడిచే ఈ కోర్టులో నేరాల విచారణకు ఇంగ్లండు చట్టమే ఆధారం. వారసత్వం, ఒప్పందాల వంటి విషయాల్లో మాత్రం హిందువులకు వాళ్ల ధర్మశాస్త్రం, ముస్లింలకు వాళ్ల షరియతు చూడాలి. కోర్టు మెట్లెక్కే జనం మాట్లాడేది తెలుగు, తమిళం, హిందుస్తానీ. తీర్పు వచ్చేది ఇంగ్లీషులో. తనను ఏమని నిందిస్తున్నారో తెలియకుండానే ఒక మనిషి బోనులో నిలబడాల్సిన పరిస్థితి.

ఇది చిన్న విషయం కాదు. కలకత్తాలో ఇలాంటి సుప్రీంకోర్టే 1775లో మహారాజా నందకుమార్‌కు ఫోర్జరీ నేరం మీద ఉరిశిక్ష వేసింది. దొంగ పత్రం పుట్టించడం తప్పేనని మన వాళ్లూ ఒప్పుకుంటారు. కానీ దానికి ప్రాణం తీయడం ఇంగ్లండు చట్టంలోని మాట, ఈ నేల మీద పుట్టిన మాట కాదు. చట్టం ఒక సమాజంలో పుట్టి ఇంకో సమాజం మీద నడిస్తే ఏమవుతుందో ఆ ఒక్క కేసు చూపిస్తుంది. అలాంటి చోట మధ్యలో నిలబడే దుబాసీ ఒక్క మాట జారినా నష్టపోయేది బోనులో ఉన్నవాడే.

మీరే ఒక ఉదాహరణ ఊహించుకోండి. ఆస్తి తగాదా నడుస్తోంది. సాక్షి "ఆయన మా అన్న" అన్నాడు. మనం సొంత అన్ననూ అన్న అంటాం, పెదనాన్న కొడుకునూ అన్న అంటాం. ఇంగ్లీషులో మొదటివాడు బ్రదర్, రెండోవాడు కజిన్. వాటా తేల్చే జడ్జికి ఆ తేడా చాలా ముఖ్యం. పోనీ కజిన్ అని చెబుదామా అంటే, బావ కూడా కజినే అవుతాడు! ఇంకొకటి. ఊరు విడిచిపోతున్నవాడు "వెళ్ళొస్తాను" అని చెప్పి వెళ్లాడు. అది తిరిగొస్తానన్న మాట ఇచ్చినట్టా, మర్యాదగా సెలవు తీసుకున్నట్టా? మాటకు మాట పెడితే అబద్ధం చెప్పినట్టవుతుంది. కాబట్టి మంచి దుబాసీకి భాష ఒక్కటే వస్తే చాలదు. వరసలు, కులాచారాలు, వ్యాపారపు లెక్కలు, రెండు వైపుల చట్టమూ తెలిసుండాలి. డబ్బుకు లొంగకూడదు కూడా. ఇలాంటి కోర్టులో వీరాస్వామయ్య గారు హెడ్ ఇంటర్‌ప్రెటర్ స్థాయికి ఎదిగారు.

ఈ సమస్య మన దేశంలోనే ఉందనుకోకండి. దూరాన ఉన్న స్వీడన్ రాజ్యంలో 1734లో ఒక పెద్ద చట్టసంపుటి తయారైంది. అప్పుడు ఫిన్లండు కూడా ఆ రాజ్యంలో భాగమే. అక్కడి రైతులు మాట్లాడేది ఫిన్నిష్, చట్టం ఉన్నది స్వీడిష్‌లో. ఆ చట్టం ఫిన్నిష్‌లో అచ్చయి చేతికొచ్చింది 1759లో. తమను పాలించే చట్టాన్ని తమ మాటలో చదువుకోవడానికి వాళ్లు పాతికేళ్లు ఆగారన్నమాట.

వీరాస్వామయ్య గారు కోర్టు నుంచి సెలవు తీసుకుని 1830 మే 18న కాశీకి బయల్దేరారు. పరివారంతో కలిసి దాదాపు వందమంది. రైళ్లు లేని కాలం, పల్లకీలు, నడక, పడవలు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ చూసి, కలకత్తా, పూరీ, రాజమహేంద్రవరం మీదుగా 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగొచ్చారు. పదిహేను నెలలు పైనే పట్టింది.

ఆయన దేవుడి దర్శనంతోనే సరిపెట్టుకోలేదు. కోర్టులో సాక్ష్యం రాసుకున్నట్టే దారంతా రాసుకున్నారు. ఏ ఊళ్లో నీళ్లు బాగున్నాయి, ఏ అంగట్లో ఏం దొరుకుతుంది, దిగడానికి చోటుందా, ఎవరు ఎవరి దగ్గర ఏ పన్ను వసూలు చేస్తున్నారు, ఇవన్నీ ఆయన పుస్తకంలో ఉన్నాయి. శ్రీశైలంలో కర్నూలు నవాబు యాత్రికుల దగ్గర డబ్బు తీసుకుంటూ గుడి బాగోగులు పట్టించుకోకపోవడం ఆయన కళ్లబడింది. ఉత్తరాన ప్రయాగ, గయల్లో కంపెనీవాళ్లే యాత్రికుల పన్ను తీసుకునేవారు. ఆ పన్ను 1840లో రద్దయ్యింది. అది చూడడానికి ఆయన లేరు. 1836లోనే కన్నుమూశారు.

దారిలో ఆయన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ గారికి రాసి పంపిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. వంద సంవత్సరాల తర్వాత, 1941లో, దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని మళ్లీ ప్రచురించి కొత్త తరానికి అందించారు. శివరావు గారు కూడా కోర్టు మనిషే, బెజవాడలో వకీలు. పుస్తకంలో గ్రాంథికం తక్కువ. ఆనాటి మద్రాసు తెలుగు, కచేరీ మాటలు కలిసి వస్తాయి. వకీలు, దావా, జామీను, అర్జీ, హాజరు: ఇవి ఉర్దూ, పారసీల దారిన వచ్చిన మాటలు. మీ కన్నడ పుస్తకంలో వెతకండి, దాదాపు ఇవే కనిపిస్తాయి.

బెంగళూరులో ఉన్న మనకు ఆయన ఎందుకు ముఖ్యం? కబ్బన్ పార్కు దగ్గర ఎర్రగా మెరిసే అఠారా కచేరీని మీరంతా చూసే ఉంటారు. 1868లో పూర్తయిన ఆ భవనంలోనే ఇప్పుడు కర్ణాటక హైకోర్టు ఉంది. అక్కడ నేటికీ వ్యవహారం ప్రధానంగా ఇంగ్లీషులోనే. అయితే ఇప్పుడు మన వైపు చట్టం ఉంది. క్రిమినల్ కేసులో ముద్దాయికి రాని భాషలో సాక్ష్యం చెబితే, అతనికి తెలిసిన భాషలో వివరించి తీరాలి. అంతేకాదు, 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చూడమని రాష్ట్రాలను కోరుతోంది. మనలాంటి బడులకు అది అండ.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో తెలుగు తగ్గిస్తే పిల్లలకు ఇంగ్లీషు బాగా వస్తుందని కొందరు అనుకుంటున్నారు. వీరాస్వామయ్య గారి జీవితం చూడండి. ఆయనకు ఆ కుర్చీ దక్కింది ఇంగ్లీషు వచ్చినందుకు మాత్రమే కాదు, తన భాష లోతుగా తెలిసినందుకు.

పిల్లలూ, మీకు ఈ వారం ఒక పని. అమ్మమ్మనో తాతయ్యనో ఒక పాత సంగతి తెలుగులో చెప్పమనండి. దాన్ని కన్నడంలోకి, ఇంగ్లీషులోకి మార్చి రాయండి. ఏ మాట దగ్గర ఆగిపోయారో దాని కింద గీత గీయండి. ఆ కాగితం మీ తెలుగు టీచరుకు ఇవ్వండి. గీత గీసిన మాటల గురించి క్లాసులో మాట్లాడుకుందాం.